మాట పడడం

ఇంగ్లీషు మాస్టారు సెలవు పెట్టిన రోజు
తొమ్మిది-బి నా నెత్తిన పడింది.
పలాసలో మధ్యాహ్నం, కిటికీలోంచి
జీడి బట్టీల పొగ, గొంతులో గరగర.
డు ము వు లు అందుకోమంటే
నిన్ నున్ లన్ కూర్చి గురించి దాకా
ఊపిరి తీయకుండా అన్నారు పిల్లలు.

"మేస్టారూ, ఇంగ్లీషులో ఇభక్తిని కేసంటారట కదండీ?"
మూడో బెంచీ. బమ్మిడి దమయంతి.
"అవునమ్మా."
"టేసన్లో రాసిందీ ఇదీ ఒకటేనేటండి?"

ఎవరూ నవ్వలేదు.
లోకనాథం సంగతి కాశీబుగ్గ మొత్తానికి తెలుసు:
గోదాంలో మూడు బస్తాల పప్పు తగ్గింది,
తాళంచెవి ఆయన మొలతాడుకుంది.

రేపు చెప్తానని తప్పించుకుని
రాత్రి పాత నిఘంటువు దించాను.
చెదలు వెనకనుంచి తింటూ వచ్చాయి,
సి అక్షరం ఇంకా బతికే ఉంది.

ఒకటేనమ్మా.
రెండూ ఒక లాటిన్ తల్లి పిల్లలు.
ఆవిడ పేరుకి అర్థం, పడడం.
మనిషి మీద పడిందీ కేసే,
నిటారు పేరు పక్కకి వాలి పడిందీ కేసే.
లాటిన్ వాళ్ళకి నేర్పింది గ్రీకులు, ప్తోసిస్ అని,
మన పతనానికి దూరపు మేనత్త.
జర్మన్లు ఫాల్ అన్నారు, చెక్‌లు పాద్ అన్నారు,
రష్యాలో పదేష్, అచ్చం మన పడడంలా వినిపిస్తుంది,
చుట్టరికం లేదు, ముఖం పోలికే.
మనవాళ్ళు మాత్రం విభక్తి అన్నారు. అంటే పంపకం.
ఒక పేరుని కోసి ఎవరి వాటా వాళ్ళకిచ్చారు.
మీ అమ్మ వాటా నేను చూశాను,
జీడి సొన కరిచిన పది వేళ్ళు.

రెండో విభక్తి దగ్గర ఇంకోటి తగిలింది.
పని ఎవరికి తగులుతుందో ఆ పేరుకి
గ్రీకులు పెట్టిన మాటలో ఏ పాపమూ లేదు,
ఒక కారణం వల్ల అయింది అని, అంతే.
కానీ కారణమనే మాటకే
వాళ్ళ భాషలో నింద అని ఇంకో అర్థం.
తర్జుమా చేసిన రోము పండితుడు
ఆ రెండోదాన్ని పట్టుకున్నాడు.
నిందితుడు, అని రాసేశాడు.
రెండువేల ఏళ్ళు. ఎవరూ దిద్దలేదు.
రష్యావాళ్ళు ఆ నేరాన్ని కూడా
జాగ్రత్తగా తర్జుమా చేసుకున్నారు.
బంతిని తన్నితే బంతి, అన్నాన్ని వండితే అన్నం,
బిడ్డని ఎత్తుకుంటే బిడ్డ,
అందరూ ముద్దాయిలే.

మనమేం తక్కువ?
చెయ్యనివాడిక్కూడా
మాట పడ్డాడు అంటాం.

నీ పుస్తకంలో సొంతవాక్యం:
మా నాన్నని తీసుకెలిపోనారు.
'ని' కింద గీత. ద్వితీయ. సరిపోయింది.
యాసకి మార్కు తగ్గించలేదు.
కర్త ఎవరు? అని పక్కన రాయబోయి ఆగాను.
తెలుగులో కర్త లేకపోయినా వాక్యం నడుస్తుంది,
ఎవరు తీసుకెళ్ళారో
ఎవరూ చెప్పనక్కర్లేదు.

గ్రీకుల్లో ఓ తగువుండేదట:
ప్రథమ నిటారుగా ఉంటుంది కదా, అదెలా పతనమవుతుంది?
ఒకాయన అన్నాడట,
గంటం చెయ్యి జారితే ఒక్కోసారి
మొన దిగి నిలబడదూ?
పడిందే. నిలబడింది కూడా.

ఇందులో ఒక్క ముక్కా క్లాసులో చెప్పలేకపోయాను.
"ఒకటేనమ్మా, పడడం అని అర్థం" అన్నాను.
దమయంతి జడ కొస నములుతూ
"ఎక్కణ్నుంచండి?" అంది.
గంట కొట్టారు.

నిన్న దిద్దడానికొచ్చిన కట్టలో తన పుస్తకం.
ప్రథమా విభక్తికి ఉదాహరణ:
నాన్న
ప్రత్యయం లేదు. ఆ తర్వాత ఏమీ లేదు.
మిగతా గీతంతా ఖాళీ.

ఎర్రసిరా కలం మూత పెట్టేశాను.
మన వాక్యంలో క్రియ ఆఖర్న వస్తుంది.
వాయిదా పధ్నాలుగున.