నాలుగు లెక్కపెట్టేలోపు

ఉల్లుంగ్ దీవి, జోదోంగ్ రేవు.
ఆరోగ్య కేంద్రంలో ఉన్న ఒకే ఒక్క చీకటిగదిలో
చూ మన్‌బోక్ గడ్డం తెచ్చి ఇనుప ఆసరా మీద ఆనించాడు.
అరవై రెండేళ్లు. వేళ్ల నిండా గాలపుదారం కోతలు.
చొక్కాలోంచి స్క్విడ్ సిరా వాసన.

"కంట్లో ఇసుక పోసినట్టుంది డాక్టరమ్మా.
పోయినేడు పడవకి కొత్త దీపాలు పెట్టించాం.
పాతవి డీజిలు తాగేవి, మెడ మాడ్చేవి.
ఇవి చల్లగా ఉంటాయి. నీలంగా.
చల్లటిది కాలుస్తుందా?"

జవాబు చెప్పలేదు నేను.
రంగుకాగితం కొస తడిపి కిందిరెప్పకు తాకించాను.
నారింజరంగు చుక్క కన్నంతా పాకింది.
దీపానికి అద్దం మార్చాను.
నీలం చేసిన గాయాన్ని వెతకడానికి
నా దగ్గరున్నదీ నీలమే.

"ఒకసారి రెప్ప వేయండి. ఇక వేయకండి."

ఒకటి.
పచ్చటి నీటిపొర, ఎక్కడా ముడత లేదు.
రెండు.
మూడు.
నాలుగు అనబోతుంటే
అంచున ఒక నల్లమచ్చ,
పక్కన ఇంకొకటి,
రెంటినీ కలుపుతూ బీట.
పది దాకా నిలవాల్సిన నీరు.

దాని అడుగున, నల్లగుడ్డు మీద
చుక్కలు చుక్కలుగా వెలిగే రాపిడి.
రాత్రిళ్లు కొండమీది నా గది కిటికీలోంచి
దూరాన పడవలు ఇలాగే కనిపిస్తాయి.
అందంగా ఉన్నాయని అమ్మకు ఫొటోలు పంపాను.

"మా స్క్విడ్ కంటికి మూత లేదు, తెలుసా?
మనకున్న అద్దంపొరా లేదు.
సముద్రమే నేరుగా కంట్లోకి వచ్చిపోతుంది.
పైకి లాగిందాకా దాని కన్ను ఎండదు.
డెక్కు మీద పడ్డాక నన్నే చూస్తుంది.
నేనూ చూస్తాను.
ఇద్దరం రెప్ప వేయం."

కాగితంలో 'కారణం' అని ఒక గడి ఉంది.
గాజుపళ్లెంలో పెంచిన కణాలు
నీలం కింద వాడిపోయాయని చదివాను.
పళ్లేనికి ఉప్పుగాలి కొట్టదు,
తెల్లారేదాకా దారం లాగదు,
సహకార సంఘంలో బాకీ ఉండదు.
దీపమా, గాలా, నిద్రలేమా,
తొమ్మిది గంటలు రెప్ప మరిచిన చూపా?
అందరూ ఒకేసారి మాట్లాడే సాక్షులు.
గడి చిన్నది. 'పొడి కన్ను' అని రాసి ఊరుకున్నాను.

చుక్కలమందు ఇచ్చాను, రోజుకి ఆరుసార్లు.
నారింజరంగు అద్దాలు పెట్టుకోమన్నాను.
"దారం కనపడదు," అన్నాడు.
మధ్యమధ్యలో రెప్పలు గట్టిగా మూసి తెరవమన్నాను.
నవ్వాడు. ఆ నవ్వుకి
కళ్లలో నీళ్లు రావాలి.
రాలేదు.

గుమ్మం దగ్గర ఆగి, బూట్లు తొడుక్కుంటూ,
నాతో కాదన్నట్టు అన్నాడు:

"ఈ ఏడు స్క్విడ్లు రాలేదు.
అయినా దీపాలు ఆర్పలేదు ఒక్క రాత్రీ.
వాటికోసం పెట్టిన వెలుతురంతా
నేనొక్కణ్ణే చూశాను."