కిస్మిస్ కార్డులు

ఇగం పెడుతున్న పొద్దున
ప్రేయర్ బెల్లుకు ముందే వచ్చి
రెండో తరగతి గడప మీద నిలబడ్డది కెజియా,
స్వెటర్ లోపల ఏదో దాచుకొని,
పొట్ట ముందుకు పొడుచుకొచ్చి.
ఏందే అది అంటే
ఇప్పుడే చెప్ప టీచర్ అన్నది.
లోకో షెడ్డు దిక్కు నుంచి ఒక ఇంజను
గొంతు సవరించుకున్నది.

తనను తీసేస్తే క్లాసుల ముప్పై ఎనిమిది మంది,
ముప్పై ఎనిమిది కార్డులు.
వాళ్ల నాయిన హన్మకొండ చౌరస్తా కాడి ప్రెస్సుల
పెండ్లి పత్రికలు కోసే మిషను మీద ఉంటడు.
అచ్చు తప్పినవి, అంచు వంకర పోయినవి,
ఆఖరి గడియల ముహూర్తం మారినవి
సంచి నిండ తెచ్చిండట ఇంటికి.
అందుకే ఇటు తిప్పితే నక్షత్రం, పశువుల పాక,
కుక్కను పోలిన గొర్రెపిల్ల.
అటు తిప్పితే పసుపు అంచుల నడుమ
శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు.
ఒకదాని వెనక పెండ్లికొడుకు పేరు సగమే.
ఒకదాని వెనక పెండ్లే లేదు,
విందు మాత్రం పదకొండు గంటలకు.

లోపల ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతోని
ముప్పై ఎనిమిది సార్లు ఒకటే తప్పు:
హ్యాపీ కిస్మిస్.
దిద్దుదామని ఎర్ర పెన్ను తీసిన.
మళ్ల మూత పెట్టిన.

హాజరు పట్టీ కన్న పద్ధతిగా
ఒక్కో బెంచీ కాడికి పోయి
ఇంటిపేరుతోని పిలిచి ఇచ్చింది.
గుగులోతు సిద్ధు వాసన చూసిండు,
"దీంట్ల కిస్మిస్ ఏడున్నదే?"
అఫ్రీన్ నక్షత్రం కొసలు లెక్కపెట్టి
ఒకటి ఎక్కువైందన్నది,
ఉండనీ తీ అని తనే అన్నది.
లాస్య మాత్రం చేతులు వెనక్కి పెట్టుకున్నది.
మొన్న రబ్బరు కాడ ఇద్దరికీ కటీఫ్,
క్లాసంత ఎరుకే.
కెజియా బతిమిలాడలే.
కార్డు బెంచీ మీద పెట్టి
గాలికి లేవకుండ
లాస్య పెన్సిల్ డబ్బానే దాని మీద బరువుంచి
ముందుకు నడిచింది.

లెక్కలు చెప్తూ ఓ కంట చూస్తనే ఉన్న.
డబ్బా జరగలే.
తెలుగు పీరియడ్‌ల జానెడంత జరిగింది.
అన్నం బెల్లు కొట్టేసరికి
డబ్బా ఉన్నది, కార్డు లేదు.

మరి నాకేదే అన్న, సిగ్గిడిచి.
నువ్వు క్లాస్‌మేట్‌వు కాదు కద టీచర్,
అని ఎంతో జాలిగా చూసింది.

చేతిల ఒకటి మిగిలింది.
పదిహేడో నంబరు, తిమ్మరాజు.
మూడో లైను పని జమ్మికుంట దిక్కు జరిగితే
పనితోని డేరా, డేరాతోని పిల్లగాడు,
దసరా సెలవులకే జరిగిపోయిండు.
"వాడు లేడు కదనే."
"పేరున్నది కద టీచర్, పట్టీల."

ఉన్నది.
రోజూ దాని పక్కన గీత గీసేది నేనే.

తెల్లారి అఫ్రీన్ అగ్గిపెట్టె తెచ్చింది.
వాళ్లమ్మ ఖుర్మాకని దాచిన డబ్బాల నుంచి
ఎనిమిది కిస్మిస్‌లు.
ఎనిమిదిని ముప్పై ఎనిమిది మందికి పంచుడు
రెండో తరగతి పుస్తకంల లేదు.
పండ్లతోని కొరికి పంచుకున్నరు.
సిద్ధు తన ముక్కను నమలకుండ
నాలుక మీద పెట్టుకొని
మూడో పీరియడ్ దాక నోరు తెరవలే.
అట్లాంటి నిశ్శబ్దం ఆ క్లాసుల
ఇన్‌స్పెక్షన్ నాడు గూడ చూడలే నేను.

సాయంత్రం పట్టీ మూస్తుంటే
పదిహేడో నంబరు కార్డు జారి
బోర్లా పడ్డది.
అటు పక్క బంగారు అక్షరాలు:
"తాము సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి"
అంతే.
తర్వాతి వరుస మిషను కోసేసింది.

కిటికీ అవుతల, ఔటర్ కాడ,
గూడ్సు ఒకటి సిగ్నల్ కోసం ఆగి ఉన్నది
జమ్మికుంట దిక్కు మొహం పెట్టి.