ఇరవై ఏడు సెంటీమీటర్ల నూలు

మా తొమ్మిదో తరగతి గ్లోబుకి
బంగాళాఖాతం దగ్గర సొట్ట.
నేను పొందూరు బడికి వచ్చేనాటికే ఉంది.
మన ఊరెక్కడ సార్ అంటే
ఆ సొట్టలోనే వేలు పెడతాను.

గురువారం లెక్క ఇచ్చాను:
సిడ్నీ విమానాశ్రయం నుంచి శాంటియాగోకి ఎంత దూరం?
ఇక్కడ ఎవరికీ ఆ రెండు ఊళ్ళతో పని లేదు.
అందుకే ఎంచుకున్నాను.

పిల్లలు గోడ పటం మీద స్కేలు పెట్టారు.
ఈ అంచున ఒక ఊరు, ఆ అంచున ఒక ఊరు.
తిన్నగా గీసిన గీత
ఆఫ్రికా కాలివేళ్ళు తొక్కుకుంటూ పోయింది.
"గ్లోబు తిప్పి చూడండిరా" అన్నాను.
తిప్పారు. వెనకవైపు ఆ రెండూ
ఒకే సముద్రానికి ఇరుగూ పొరుగూ.
కానీ చెక్క స్కేలు వంగదు కదా.

మర్నాడు జోషిత
అగ్గిపెట్టె మీద చుట్టి తెచ్చింది,
వాళ్ళ మేనత్త కూర్మమ్మ వడికిన నూలు.
కంటికి ఆనదు, వేలికి తెలుస్తుంది.
వాలుగ చేప దవడతో దువ్విన దూది అది.
ఆ పళ్ళ గుర్తు ఏ పోగులో ఉందో గానీ
సముద్రం మీద పెడితే బెదరలేదు.

రెండు ఊళ్ళదీ ఒకటే అక్షాంశం.
ఆ గీత వెంబడే పరిచాము: ముప్పై సెంటీమీటర్లు దాటింది.
"లాగి పట్టుకోండి" అన్నాను.
లాగారు.
నూలు దానంతట అదే జారింది
దక్షిణానికి, ఇంకా దక్షిణానికి,
తెల్లరంగు వేసిన మంచు అంచు దాకా.
దానికి దారి ఎవరూ చెప్పలేదు.
బిగిసింది, అంతే.
మూడు సెంటీమీటర్ల పైచిలుకు
జోషిత వేళ్ళ మధ్య మిగిలిపోయింది.

ఇరవై ఏడు సెంటీమీటర్లు, పైన ఓ రవ్వ.
సెంటీమీటరుకి నాలుగువందల పదిహేడు కిలోమీటర్లు.
పదకొండు వేల మూడువందల చిల్లర అని బోర్డు మీద రాశాను.
బెల్లు కొట్టారు.

సాయంత్రం నూలు తిరిగివ్వడానికి వెళ్ళాను.
రాట్నం ఆపకుండానే విన్నది కూర్మమ్మ.
"కిలోమీటర్లు నాకేటి తెలుస్తాయి బాబూ,
చిలపల్లో సెప్పు."
చిలపంటే వెయ్యి మీటర్లు.
చెప్పాను.
రోజుకి రెండు. జొరాలు, పెళ్ళిళ్ళు, చావులు పోను
ఏడాదికి మూడువందల రోజులు.
పెదాలు కదిలాయి, కదురు తిరుగుతూనే ఉంది.
"పందొమ్మిదేళ్ళు" అంది.
తర్వాత ఏకు మార్చుకుంటూ,
"నాను ముప్పయ్యొక్క ఏళ్ళ నుంచి తీస్తన్నాను.
మరైతే నానిప్పుడెక్కడున్నట్టు?"

నా దగ్గర జవాబు లేదు.
ఆ ఊరు దాటాక
గ్లోబు మీద ఏముందో గుర్తుకు రాలేదు.
విశాఖ విమానాశ్రయం ఎంత దూరమని ఆమే అడిగింది.
రెండు నెలల నూలన్నాను.
"ఓస్, అంతేనా" అని నవ్వింది.
చూసిందా అని అడగబోయి ఊరుకున్నాను.

అగ్గిపెట్టె మీది ముక్క
గుర్తుగా నేనుంచుకుంటానన్నాను.
"అట్టిపెట్టుకుని ఏటి సేస్తావు?"
నా చేతిలోంచి తీసుకుని
వేలు తడి చేసి, కొస కొసకి కలిపి పురి పెట్టింది.
చక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి
మంచు అంచు దాకా వెళ్ళొచ్చిన ఆ కాస్తా
కదురు మీద ఎక్కడుందో
నాకు తెలియలేదు.