అర మిల్లీమీటర్ సందు

షువైఖ్‌ల పొద్దుగాల పది గాకముందే
పానా ముట్టుకుంటె చెయ్యి చురుక్కుమంటది.
ఈజిప్టాయన పాత ట్యాక్సీ తెచ్చి బానెట్ లేపిండు.
గాలి వస్తున్నదట, సల్లగ లేదట.

బటన్ నొక్కి చెవి పెట్టిన.
టక్కుమనలే.

రాజనర్సుకు ఇది మూడో వారం.
"పుల్లీ తిరుగుతున్నది గదనే, మరి?"
పుల్లీదేముంది బిడ్డా, బెల్టు గుంజినంత సేపు
ఉత్తగనే తిరుగుతది.
లోపలి షాఫ్టు కదలాలంటె
ముంగటి పలక పోయి దానికి అతుక్కోవాలె.
నడుమ సందు అర మిల్లీమీటర్.
గోరు గూడ దూరదు.

ఆ జరంత సందు దాటనీకి
ఎంతమందిని అడగాలె!
కూలింగ్ కాయిల్ మీది సెన్సరు
ఇంకా మంచు గట్టలేదనాలె.
ప్రెషర్ స్విచ్చి గ్యాసు సరిపోను ఉన్నదనాలె.
ఎక్సలేటర్ నిండ తొక్కితె
కంప్యూటర్ ఆగుమంటది.
అందరూ ఊ అంటెనే రిలే కరెంటు ఇడుస్తది,
రాగితీగ చుట్ట అయస్కాంతమై పలకను గుంజుకుంటది.
ఒక్కరు కాదన్నా, కాదు.

నేను రిలే మార్చి చూస్తున్న.
పిలగాడు అటు దిక్కు స్విచ్చి ప్లగ్గు పీకి
చిన్న వైరు ముక్క గుచ్చిండు.
టక్!
ఈజిప్టాయన చప్పట్లు కొట్టిండు.
వాని మొఖం చూడాలె, పెండ్లిపిలగాని మొఖం.

వైరు పీకి పారేసిన.
తిట్టిన గూడ, అబద్ధమెందుకు.
నూనె గ్యాసు ఎంబడే తిరుగుతదిరా,
గ్యాసు లేక నడిపితె ఇనుమును ఇనుము తింటది,
సాల్మియా చేరకముందే కంప్రెసర్ పట్టేస్తది.
ఇంతమందిల నిజం చెప్పింది ఆ స్విచ్చొక్కటే,
దాని నోరే మూసినవు.

నేనూ గుచ్చిన ఒకప్పుడు ఇసొంటి వైరు.
మూడు నెల్ల జీతం కోసిండ్రు.
అది వానికి చెప్పలే.

కండెన్సర్ జాయింట్ కాడ
రబ్బరు రింగు పగిలి నూనె చెమట.
రింగేసి, గాలి గుంజి, గ్యాసు నింపేసరికి
అసర్ బాంగు వినబడ్డది.
"నొక్కు" అన్న.
పిలగాడు బటన్ దిక్కు గాదు, నా దిక్కు చూసిండు.
టక్.

ఈజిప్టాయన రెండు దినార్లు బేరమాడి
అద్దాలెక్కించుకొని పోయిండు.
గల్లీ మలుపుల లారీ అడ్డమొచ్చి ఆగిండు.
"ఇడిసింది" అన్నడు రాజనర్సు,
"మల్ల పట్టింది."

నాకేం ఇనబడలే.
ఇరువై ఏండ్ల గ్యారేజీ చెవులు,
సన్న చప్పుళ్ళు అందుతలేవు.
సరే అన్న.