సైరన్ కూయని వేళ

నాలుగూ ముప్పావుకి మెలకువొచ్చేస్తుంది.
మిల్లు కూయడం మానేసి ఏడు నెలలు.
నా ఒంట్లో మాత్రం ఎవరో ఇంకా మీట నొక్కుతున్నారు.

గోనె పరుస్తాను.
మా చేతులు నేసిన గోనే.
ధాన్యానికీ, పంచదారకీ, పలాస జీడిపిక్కలకీ
ఇరవై రెండేళ్ళు బస్తాలిచ్చాం.
పూర్వం దుఃఖమొస్తే జనం గోనె కట్టుకుని
బూడిదలో కూచునేవారట.
పాస్టరుగారు చెప్తుంటే వెనక వరసలో నవ్వుకున్నాం,
మాకది రోజూ కట్టే బట్టే కదా ప్రభువా,
జుట్టులో పీచు, ముక్కులో పీచు, అన్నంలో పీచు.

ఇప్పుడు నవ్వు రావట్లేదు.

లైను ఇళ్ళలో మొదట పద్నాలుగు మందిమి మోకరించేవాళ్ళం.
కరుణాకరం కుటుంబం చెన్నై పోయింది, ఇటుకలు మొయ్యడానికి.
శాంతకుమారి గాజువాకలో
ఎవరి అపార్టుమెంటుకో మెట్లు తుడుస్తోంది.
జ్ఞానయ్య తాత కూడా వెళ్ళిపోయాడు,
ఆయన ఎక్కడికి వెళ్ళాడో మాకు తెలుసునని
సమాధి దగ్గర గట్టిగా పాడాం, గొంతు వణక్కుండా.
మిగిలింది ముగ్గురం.
ఎంతమంది చాలో నేను నీకు గుర్తు చెయ్యను.
నువ్వు లెక్క మరిచేవాడివి కాదు.

మార్చిలో అడిగాను, గేటు తెరిపించమని.
మేలో అడిగాను, పీఎఫ్ డబ్బులైనా ఇప్పించమని.
వానలు పడ్డాక మేరీకి జొరం తగ్గించమన్నాను. తగ్గింది.
చంపావతిలో నీళ్ళొచ్చాయి, పోయాయి.
ఆ తరవాత ఏం అడగాలో తెలీక
ఊరికే కూచున్నాను.
అలా కూచోడం కూడా ప్రార్థనేనా?

ఒకరోజు కోపమొచ్చింది.
నీ తలుపూ అంతేనా,
నోటీసు అంటించి, లోపల
ఒక్క వాచ్‌మనూ రెండు కుక్కలూనా?
"ఏటమ్మా, దేవుడితో దెబ్బలాటా?" అన్నాడు తవిటినాయుడు
ఎర్రజెండా టెంటులోంచి టీ గ్లాసు పట్టుకొచ్చి.
దెబ్బలాటే బావూ.
పరాయోడైతే దరకాస్తు పెట్టుకుందును.

స్పిన్నింగులో నా పనేమిటో నీకు తెలుసు.
తెగిన పోగు పట్టుకోవడం.
తెగడం తప్పు కాదు, పీచన్నాక తెగుతుంది.
రెప్ప వేసేలోగా రెండు కొసలూ వేళ్ళ మధ్యకి తెచ్చి
ఒక మెలిక.
ఎక్కడ అతికిందో బస్తాకే తెలీదు.
మేరీకి నేర్పుదామంటే మాటల్లో చెప్పలేకపోయాను,
వేళ్ళే చేసుకుపోతాయి.

ప్రార్థనా తెగుతోంది ప్రభువా.
'మా తండ్రీ' అంటానో లేదో, డబ్బాలో బియ్యం గుర్తొస్తాయి.
కొస వెతుక్కుంటాను.
'మా తండ్రీ'... షావుకారు బాకీ.
మళ్ళీ.
'మా తండ్రీ'... పైకప్పు కారుతోంది, గిన్నె పెట్టాలి.
మళ్ళీ.
నీ వైపు కొస నువ్వు పట్టుకునే ఉన్నావో లేదో
చీకట్లో కనబడదు.
లాగితే బిగువుగా తగులుతుంది, కొన్ని పొద్దుల్లో.
అన్ని పొద్దుల్లో కాదు. నీ దగ్గర అబద్ధమెందుకు.

నిన్న గేటు తెరుచుకుంది.
లైన్లు లైన్లే పరిగెత్తాయి.
వాచ్‌మన్ బందులకి నూనె పోశాడంతే, తుప్పు పట్టకుండా.
మళ్ళీ తాళం వేస్తూ
మా మొహాలు చూడలేక తల దించుకున్నాడు.
పైడమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.
ఆమె మా చర్చి మనిషి కాదు.
"రేపు నానూ వొస్తాను, ఏ యేలకి?" అంది.
సైరన్ కూసే వేళకి, అన్నాను.
"కూయదు గదే."
కూయదు. నువ్వు లే.

ఇవాళ నలుగురం.
గోనె చాల్లేదు.
తవిటినాయుడు టెంటులోంచి ఓ పాత పట్టా తెచ్చి
గుమ్మంలో పడేసి,
లోపలికి రాకుండా వెళ్ళిపోయాడు.