ఇరవైనాలుగు

మా జిరాక్సు కొట్టులో ఉక్క
జూలైది కాదు, మెషీనుది.
బయట కమానుల నీడలో
పరీక్షల పిల్లలు బారులు తీరారు.

ఒర్నెల్ల అందరికంటే వెనక.
మొన్న నా దగ్గరే తీయించుకుని
ఎవరికో ఇచ్చేసిన రసాయనశాస్త్రం నోట్సు
మళ్ళీ కావాలంది.
"పాసవ్వలేదా?"
"ముప్ఫైకి ఇరవైనాలుగు వేస్తానన్నారు.
వద్దన్నాను."

ప్రొఫెసరు కలం మూత తీసి
అలాగే పట్టుకుని ఉండిపోయాడట.

సగటు ఇరవైఏడు నుంచి జారితే
స్కాలర్‌షిప్పు పోతుంది, దాంతో గదీ.
సెప్టెంబరులో మళ్ళీ అదే బల్ల, అదే మనిషి.
ఈసారి ఇరవయ్యే రావచ్చు.
తెలిసే వద్దంది.

నాకు పద్దెనిమిది వేసిన రోజు
ఎవరైనా లాక్కుంటారేమోనన్నట్టు
సంతకం గీకి పరిగెత్తుకొచ్చాను.
ఆ మరుసటేడే ఈ కొట్టు.

నూటపన్నెండు పేజీలు.
ఎనిమిదోది నల్లగా వస్తే మళ్ళీ తీశాను,
దానికి డబ్బు పుచ్చుకోలేదు.

పట్టా చేతికి రాకముందే
అసినెల్లి బురుజు ఎక్కితే
చదువు సగంలో ఆగుతుందని
మా బొలొన్యాలో ఓ నమ్మకం.

నాకు యాభైమూడేళ్ళు.
ఇంకా ఎక్కలేదు.