ఆరంగుళాలు

పళ్ళసెట్లు చేసే బల్ల మీదే
కెనడా మొత్తం పరిచాను.
మైనం గీకేసి, ఆకుపచ్చ జంపఖానా వేసి,
అడుగున పాత పేపర్లు కుక్కి కొండలు లేపి.
ఆ దేశంలో పెద్ద నది ఉందిట.
ఇన్నాసి మాస్టారు దాని పేరు ముక్కుతో పలుకుతారు,
ముప్ఫై ఏళ్ళు యానాం బళ్ళో ఫ్రెంచి చెప్పిన ముక్కు.
నాకు నోరు తిరగదు. గౌతమి అనే అంటాను.

సైనికులు కర్రి ఆదెమ్మ వలల్లోంచి వచ్చారు.
పాత సీసపు గుండ్లు కిలోల్లెక్కన తూచి
"ఎవరికిరా, ఏనుక్కా పళ్ళు?" అనడిగింది.
ఎర్రకోట్ల వాళ్ళు నూట ఇరవై,
తెల్లకోట్ల వాళ్ళు తొంభై,
ఒక్కొక్కడూ చిటికెనవేలిలో సగం.
నరసాపురం లేసుదారం పోగులు విడదీసి
ఆఫీసర్ల మెడలకి అంటించాను.
అడవికి కొబ్బరిపీచు.
మంచుకి ప్లాస్టరు చల్లబోతే మాస్టారు చెయ్యి పట్టుకున్నారు:
"అది సెప్టెంబరయ్యా."

ఆ ఏళ్ళలోనే వీళ్ళే
పిఠాపురం అవతల మన చేలల్లోనూ కొట్టుకున్నారుట.
దానికీ ఓ బల్ల చేద్దామంటే
"అందులో మనవాళ్ళు రెండువైపులా ఉన్నారు,
ఏ రంగు వేస్తావ్?" అని
టీ చల్లారేదాకా మాట్లాడలేదు.

ఇంక అడవి ఎవరిదో వాళ్ళు మిగిలారు.
రూల్సు పుస్తకంలో వాళ్ళకి అరపేజీ.
పేరు: ఇండియన్లు.
కదలిక ఆరంగుళాలు.
కోట నిలబెట్టలేరు.
పాచికలో ఒకటి పడితే ఇంటికి పోతారు.
"ఇంటికంటే ఎక్కడికండీ?"
"బల్ల అవతలికి."

సీసం అప్పటికే అయిపోయింది.
ఆదెమ్మ దగ్గరా గుండ్లు లేవు.
కాలవగట్టున జీలుగు కోసుకొచ్చి
బాసికాలు కట్టే బెండుతో చెక్కాను,
పడవా, పడవలో మనుషులూ ఒకటే ముక్క,
అలాంటివి నాలుగు.
ఒంటిరంగు కలిపి, సరిపోయిందా అని
బ్రష్షు నా ముంజేతి మీద గీసి చూశాను.
గీత కనబడలేదు.

ఆగస్టు, మూడో శనివారం.
ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక అని
మైకు కట్టుకుని ఆటో తిరుగుతోంది.
మాస్టారి తెల్లకోట్లు గుట్ట దిగలేదు ఇంకా.
మూడేళ్ళ ఓటమి తర్వాత
నాలుగెత్తుల్లో గెలుస్తారు.
చెప్పుల కింద చల్లగా తగిలాక గానీ లేవలేదు ఇద్దరమూ.
బల్లకాళ్ళ కింద నాలుగేసి ఇటికలు దోపాం.
ఓలేటివారి కుర్రాడు నాటుపడవ గుమ్మంలోకే తోశాడు.
మాస్టారు పాచికలు జేబులో వేసుకుని
బీపీ మాత్రలు వదిలేసి ఎక్కారు.

ఐదోరోజు తలుపు తోస్తే ఒండ్రు అడ్డం.
నీటిగీత బల్లకి జానెడు పైన.
కొండలు కరిగి పేపరు ముద్దలయ్యాయి.
సీసం మాత్రం జరగలేదు.
ఎర్రకోట్లూ తెల్లకోట్లూ నడుం దాకా బురదలో,
ఎవడెవడో ఆనవాలు లేకుండా.
వలగుండ్లేగా, అలవాటైన చోటే.

బెండు పడవలు బల్ల మీద లేవు.
అచ్చుల బీరువా కింద వెతికాను,
కుర్చీ తిరగేసి చూశాను.
నదివైపు కిటికీ ఊచలకి ఆనుకుని
మూడు కనబడ్డాయి,
ముక్కులు బయటికి పెట్టి.

మాస్టారు పంచె ఎగ్గట్టి
దర్జీ టేపు తీశారు. నేనో చివర పట్టుకున్నా.
బల్ల అంచు నుంచి కిటికీ దాకా
తొమ్మిదడుగుల రెండంగుళాలు.
పుస్తకం ఉబ్బిపోయింది.
అంటుకున్న కాగితాలు గోటితో విడదీస్తూ
ఆ అరపేజీ కోసం చాలాసేపు చూశారు.

"చెల్లుతుందంటారా?" అన్నాను.
"నాలుగోది ఏదీ?"
ఊచల మధ్య సందు నా గుప్పెడుంది.
అవతల గౌతమి ఇంకా ఎర్రగానే పోతోంది.

మాస్టారు టేపు చుట్టేసి,
పాచికలు తీసి, తుడిచి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నారు.
"ఉండవయ్యా,
దాని ఎత్తు ఇంకా అవలేదు."

నేను బకెట్టు కోసం వెళ్ళాను.